డలోనెగా బంగారు నాణేలు: చూడటం, కొనడం, దాచుకోవడం

అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా వైపు ఉండే తెలుగువాళ్ళకు డలోనెగా కొత్త ఊరేం కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే జీఏ 400 ఎక్కి ఉత్తరంగా ముప్పావుగంట పోనిస్తాం. ఊరి కూడలి చుట్టూ ఓ తిరుగుడు తిరిగి, పిల్లల చేత పళ్ళెంలో మట్టి కడిగించి, నాలుగు బంగారు నలుసులు సీసాలో పట్టుకుని ఇంటికొస్తాం. ఆ ఊళ్ళోనే 1838 నుంచి 1861 దాకా అమెరికా ప్రభుత్వ టంకశాల ఒకటి నడిచిందనీ, అక్కడ బంగారు నాణేలు తప్ప ఇంకేవీ కొట్టలేదనీ మూడోసారి వెళ్ళినప్పుడు గానీ నాకు తెలియలేదు. అప్పట్నుంచీ పట్టుకున్న పిచ్చి ఇది.

బంగారంలో డబ్బు పెట్టడమే మీ ఉద్దేశమైతే ఇది దారి కాదు. బిస్కెట్టు కొనుక్కోండి, ఖర్చు తక్కువ, టెన్షన్ తక్కువ. డలోనెగా నాణేనికి బంగారం ధర పైన మనం కట్టే డబ్బంతా మూడింటికి: దాని చరిత్రకు, అది ఎంత అరుదో దానికి, ఇన్నేళ్ళలో ఎవరి చేతిలోనూ పాడవకుండా ఎంత మిగిలిందో దానికి. మొదటి రెండూ పుస్తకం చూస్తే తెలుస్తాయి. మూడోది కంటితోనే తెలియాలి. ఆ కన్ను సంపాదించుకోవడమే అసలు పని. అందుకే ఈ వ్యాసంలో కొనడం గురించి ఆలస్యంగా వస్తుంది.

1. ముందు ఊరి కథ

1828, 29 ప్రాంతంలో ఉత్తర జార్జియా కొండల్లో బంగారం బయటపడింది. ఆ నేల చెరోకీలది. ఊరి పేరు కూడా వాళ్ళ భాషలో పసుపు రంగుకున్న మాట నుంచే వచ్చింది. మనకు పసుపు, పసిడి ఎంత దగ్గరో వాళ్ళకూ అంతేనన్నమాట. బంగారం కబురు పొక్కగానే వేలమంది వచ్చిపడ్డారు. తవ్విన బంగారాన్ని నాణేలు చేయించాలంటే ఎక్కడో ఫిలడెల్ఫియాకు పంపాలి. దారంతా దొంగల భయం, నెలల ఆలస్యం. 1830లో టెంపుల్టన్ రీడ్ అనే ఆయన జార్జియాలోనే సొంతంగా బంగారు నాణేలు కొట్టి చూశాడు గానీ అది ఎక్కువ కాలం సాగలేదు. చివరికి 1835 మార్చి 3న షార్లట్, డలోనెగా, న్యూ ఆర్లీన్స్‌లలో శాఖా టంకశాలలు పెట్టేందుకు కాంగ్రెస్ చట్టం చేసింది. మొదటి రెండూ బంగారానికే.

1838 ఏప్రిల్‌లో డలోనెగాలో మొదటి అయిదు డాలర్ల నాణేలు తయారయ్యాయి. అదే ఏడు సైన్యం చెరోకీలను ఇళ్ళలోంచి బయటికి లాగి పడమటికి నడిపించింది. ఆ నడకలో వేలమంది చనిపోయారు. మ్యూజియంలో 1838 నాణెం ముందు నిలబడ్డ ప్రతిసారీ ఈ రెండో సంగతే ముందు గుర్తొస్తుంది నాకు.

1849లో కాలిఫోర్నియా బంగారం పేరు వినగానే ఇక్కడి గనివాళ్ళు మూటాముల్లే సర్దుకుని అటు పోయారు. తరవాతి ఏళ్ళలో కాలిఫోర్నియా బంగారం కూడా డలోనెగాకు వచ్చి నాణెమైంది. 1861 జనవరిలో జార్జియా అమెరికా నుంచి విడిపోయింది. టంకశాల అలా విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల చేతిలోకి వెళ్ళింది. ఉన్న బంగారంతో వాళ్ళు కొన్ని నాణేలు కొట్టారు, ఆ తర్వాత పని ఆగిపోయింది, మళ్ళీ మొదలవలేదు. మొత్తం 24 ఏళ్ళలో కొట్టినవి సుమారు 13.8 లక్షల నాణేలు. వాటిలో ఎక్కువ భాగం వాడకంలో అరిగిపోయాయి, కరిగిపోయాయి.

2. కొనకముందు ఒక రోజు చూడటానికి

ఊరి కూడలి మధ్యలో 1836 నాటి పాత కోర్టు భవనం ఉంది. ఇప్పుడది గోల్డ్ మ్యూజియం. ఆ ఇటుకలు కాల్చిన స్థానిక మట్టిలోనే బంగారు రజను ఉందంటారు. డలోనెగాలో కొట్టిన నాణేల పూర్తి సెట్టు లోపల అద్దాల వెనక ఉంది. పిల్లల్ని మట్టి కడిగే చోట వదిలేసి, ఒక గంట మీరు ఈ అద్దాల ముందు నిలబడండి. తేదీలు చదవకండి, రంగులు చూడండి. ఒకటి ఎర్రగా ఉంటుంది, ఒకటి పసుపు, ఇంకొకటి లేత ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ఇక్కడి గనుల బంగారంలో సహజంగానే వెండి కలిసి ఉండేది. వెండి పాలు పెరిగితే ఆకుపచ్చ ఛాయ, రాగి పాలు పెరిగితే ఎరుపు. ఈ రంగులు కంట్లో పడితే, తర్వాత ఎవరో రుద్ది మెరిపించిన నాణెం చూపించినప్పుడు మీకే ఏదో తేడాగా అనిపిస్తుంది.

టంకశాల భవనం ఇప్పుడు లేదు. 1873 నుంచి అందులో కాలేజీ నడిచింది, 1878లో కాలిపోయింది. ఆ పునాదుల మీదే కట్టిన ప్రైస్ మెమోరియల్ హాల్ నార్త్ జార్జియా యూనివర్సిటీలో ఉంది. దాని శిఖరానికి బంగారు రేకు తాపడం చేశారు, దూరం నుంచే కనిపిస్తుంది.

3. ‘డి’ అక్షరం చదవడం

మన రూపాయి బిళ్ళ తీసి చూడండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో ముద్రించింది. అమెరికాలో ఆ పని అక్షరం చేస్తుంది. డలోనెగా గుర్తు ‘డి’. చిక్కేంటంటే 1906లో నాణేలు మొదలుపెట్టిన డెన్వర్ టంకశాల గుర్తు కూడా ‘డి’యే. కొత్తవాళ్ళు మొదట బోల్తాపడేది ఇక్కడే.

తేడా తేలిగ్గానే తెలుస్తుంది. 1838 నుంచి 1861 లోపు తేదీ ఉంటే డలోనెగా, 1906 నుంచి అయితే డెన్వర్. మధ్యలో ‘డి’తో బంగారు నాణెమే లేదు. 1906, 1907లలో డెన్వర్ కొట్టిన అయిదు డాలర్ల నాణెం మీద కూడా అదే లిబర్టీ (స్వేచ్ఛకు గుర్తుగా వేసే స్త్రీ) తల, అదే గద్ద ఉంటాయి. కానీ గద్ద తల పైన రిబ్బన్ మీద దేవుణ్ణి నమ్ముతున్నామన్న వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం ఈ నాణేల మీదికి 1866లో వచ్చింది కాబట్టి డలోనెగా నాణెం మీద ఎప్పుడూ ఉండదు. 1911-డి రెండున్నర డాలర్ల నాణెం కూడా డెన్వర్‌దే. అరుదైనదే, కానీ మన కథలోది కాదు.

అక్షరం ఎక్కడుంటుందో కూడా గుర్తుపెట్టుకోండి. 1838, 1839 నాణేల మీద బొమ్మ వైపే, సంవత్సరానికి కాస్త పైన ఉంటుంది. 1840 నుంచి వెనక వైపు గద్ద కిందికి వెళ్ళింది. ఒక డాలరు, మూడు డాలర్ల నాణేల మీద వెనక వైపు ఆకుల దండ కింద ఉంటుంది.

4. ఏం సేకరించాలో తేల్చుకోవడం

డలోనెగాలో నాలుగు విలువల్లో నాణేలు వచ్చాయి. ఒక డాలరు 1849 నుంచి 1861 వరకు ప్రతి ఏడూ, అంటే 13. రెండున్నర డాలర్లది 1839 నుంచి 1859 దాకా, 1858 మినహా, 20. అయిదు డాలర్లది 24 ఏళ్ళూ ఉంది. మూడు డాలర్లది 1854లో ఒక్క ఏడాదే. కలిపితే 58.

యాభై ఎనిమిదీ పూర్తి చేస్తానని బయల్దేరకండి. డబ్బుండీ ఏళ్ళ తరబడి ఒక్క నాణెం కోసం ఎదురుచూసినవాళ్ళున్నారు. 1856-డి రెండున్నర డాలర్ల నాణేలు కొట్టిందే 874. 1854-డి మూడు డాలర్లవి 1,120. 1861-డి ఒక డాలరు ఎన్ని కొట్టారో లెక్కే రాయలేదు, ఎందుకంటే అవన్నీ టంకశాల దక్షిణాది చేతిలో పడ్డాక కొట్టినవి.

నా సలహా ఇది. మొదటి నాణెం అయిదు డాలర్లదే తీసుకోండి. పెద్దది కాబట్టి వివరాలు బాగా కనిపిస్తాయి, నేర్చుకోవడానికి అదే బడి. 1843లో 98,452 కొట్టారు, 1852లో 91,584, 1853లో 89,678. ఈ సంవత్సరాలవి ఏ పెద్ద వేలంలోనైనా ఒకటో రెండో ఉంటాయి కాబట్టి తొందరపడాల్సిన పనిలేదు, పోల్చి చూసుకోవచ్చు. రెండోది 1849-డి ఒక డాలరు. ఇది 13 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఇంత చిన్నదా అని నవ్వొచ్చింది నాకు. మూడోది 1843-డి రెండున్నర డాలర్లు. ఆ విలువలో అన్నింటికన్నా ఎక్కువ కొట్టింది ఆ ఏడే, 36,209. ఈ మూడూ చేతికొచ్చేసరికి మీకు ఏది నచ్చుతుందో మీకే తెలుస్తుంది. అయిదు డాలర్లవి ఏళ్ళ వారీగా పోతారో, డాలర్లకే పరిమితమవుతారో అప్పుడు తేల్చుకోవచ్చు. మూడు డాలర్లది మాత్రం ఎప్పుడో ఒకప్పుడు కొందాంలే అని పక్కన పెట్టుకునే నాణెం. నేనూ అలాగే పెట్టుకున్నాను.

5. కంటికి పని చెప్పడం

ఒక భూతద్దం చాలు, అయిదు నుంచి పది రెట్లు పెద్దగా చూపించేది. ఒకే ఒక్క బల్బున్న టేబుల్ లైటు. గది లైట్లు ఆపేయండి. నాణేన్ని లైటు కింద పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ వంచండి.

మొదట చూడాల్సింది మెరుపు. ఎవరూ ముట్టని నాణెం మీద వెలుగు, పట్టుచీర మడత కదిపినట్టు, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జారుతుంది. చేతులు మారిన నాణెం మీద ఆ మెరుపు అక్షరాల సందుల్లో, నక్షత్రాల చుట్టూ మాత్రమే దాక్కుని ఉంటుంది. అలా దాక్కోవడం మంచి సంకేతం. అరిగిన నాణెం అంతా ఒకేలా ధగధగలాడుతుంటే దాన్ని ఎవరో రుద్దారు. సన్నటి గీతలు అన్నీ ఒకే దిక్కుకు పోతుంటే గుడ్డ పెట్టి తుడిచారన్నమాట.

రెండోది అరుగుదల. డలోనెగా నాణేల విషయంలో కొత్తవాళ్ళకే కాదు, పాతవాళ్ళకీ తలనొప్పి ఇక్కడే. అచ్చులు ఫిలడెల్ఫియా నుంచి వచ్చేవి. ఇక్కడ కొట్టేటప్పుడు దెబ్బ చాలా సార్లు సరిగా పడేది కాదు. గద్ద మెడ మీద ఈకలు, కాళ్ళు, లిబర్టీ చెవి పైన జుట్టు, అంచు చుట్టూ ఉండే పళ్ళు పుట్టుకతోనే అణిగి ఉంటాయి. అది అరిగిపోయిందా, అసలు పడలేదా? పడకపోతే ఆ చోట నాణెం చర్మం మిగతా చోట్లలాగే ఉంటుంది, కొంచెం గరుకుగా, మెరుపుతో. అరిగితే నున్నగా, రంగు మారి ఉంటుంది. ఇంకో ఉపాయం, మెడ ఒక్కటే చదునుగా ఉండి రెక్కల అంచులు, కిరీటం మీద అక్షరాలు పదునుగా ఉంటే తప్పు దెబ్బదే. అన్నీ కలిసి మెత్తబడితే అరుగుదల.

పది నాణేలు పక్కపక్కన చూస్తే గానీ ఇది పట్టుబడదు. పెద్ద వేలం సంస్థల సైట్లలో పాత అమ్మకాల ఫొటోలు పెద్దవి చేసి చూడొచ్చు. ఒక సంవత్సరం ఎంచుకుని, ఉదాహరణకు 1852-డి, ముప్పై నలభై ఫొటోలు వరసగా చూడండి. రెండు మూడు సాయంత్రాల పని. ఆ తర్వాత ఎవరైనా ఆ సంవత్సరం నాణెం చూపిస్తే మీ కన్ను దానంతట అదే గద్ద మెడ దగ్గరికి వెళ్తుంది.

6. గ్రేడ్లు, డబ్బాలు

నాణేలకు 1 నుంచి 70 దాకా మార్కులు వేస్తారు, మార్కు పెరిగేకొద్దీ అరుగుదల తక్కువ. మన పరిధిలో ఎక్కువగా కనిపించేవి వీఎఫ్ (వెరీ ఫైన్) 20 నుంచి 35, ఈఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) 40, 45, ఏయూ (దాదాపు వాడనిది) 50 నుంచి 58. వాడకంలోకి పోని నాణెమైతే ఎంఎస్ (మింట్ స్టేట్) 60 పైన. డలోనెగా నాణేలు బీరువాల్లో దాచినవి కావు, సంతల్లో చేతులు మారిన అసలైన డబ్బు. అందుకే ఎంఎస్ దొరకడం కష్టం, దొరికినా ధర గుండెలదిరేలా ఉంటుంది. ఈఎఫ్ దగ్గర ఆగితే చూడటానికి బాగుంటుంది, జేబుకూ ఫరవాలేదు.

పీసీజీఎస్, ఎన్జీసీ, సీఏసీ గ్రేడింగ్ లాంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, గ్రేడ్ చీటీ పెట్టి ఇస్తాయి. డలోనెగా నాణెం ఈ డబ్బాలో లేకుండా కొనకండి. డబ్బా నంబరును ఆ సంస్థ సైట్లో కొట్టి, అక్కడున్న ఫొటోతో మీ చేతిలోని నాణేన్ని గీత గీతా పోల్చండి. డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి.

చీటీ మీద గ్రేడ్ పక్కన ‘డీటెయిల్స్’ అన్న మాట ఉంటే ఆ నాణేన్ని కడిగారనో, గీశారనో, అతికారనో అర్థం. అసలుదే, కానీ దెబ్బతిన్నది. ఇలాంటివి చవగ్గా వస్తాయి, అమ్మేటప్పుడు అంతకన్నా చవగ్గా పోతాయి. డీటెయిల్స్ లేని రెండు ఈఎఫ్ 45లు కూడా ఒకేలా ఉండవు. ఒకటి మట్టి రంగుతో హాయిగా ఉంటుంది, ఇంకొకటి ఎవరో ముంచి తీసినట్టు పాలిపోయి ఉంటుంది. పెట్టె మీద రేటు చూసి చీర కొనం కదా, మడత విప్పి చూస్తాం. ఇక్కడా అంతే.

7. నేను పోగొట్టుకున్న డబ్బు

ఇప్పుడు చెప్పిన నియమాన్ని నేనే తప్పాను. ఓ చిన్న నాణేల ప్రదర్శనలో ఒకాయన డబ్బాలో లేని 1853-డి అయిదు డాలర్ల నాణెం చూపించి, గ్రేడింగ్ ఖర్చు మిగిలింది కదా, అందుకే తక్కువకిస్తున్నానన్నాడు. బంగారు రంగు నిగనిగ, తేదీ స్పష్టం, ‘డి’ స్పష్టం. తూకం కూడా సరిపోయింది. బేరమాడి తగ్గించానన్న గర్వంతో ఇంటికొచ్చాను.

అప్పుడు అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకోలేదు. నాణేన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి, అంచు మీద గీతల వెంట గోరు పోనిస్తూ మెల్లగా తిప్పింది. సరిగ్గా లిబర్టీ తల పైకొచ్చేసరికి గోరు ఆగింది. “ఇక్కడ గీతల్లేవురా. టంకం వేసి మళ్ళీ గీకేశారు. కొక్కెం ఉండేది దీనికి, కాసులపేరులో కాసులకుంటుందే, అలాంటిది” అంది.

భూతద్దం పెట్టి చూశాను. అవును, అక్కడ అంచు గీతలు బియ్యపు గింజంత మేర నున్నగా ఉన్నాయి. ఆ చోటు రంగు కూడా కాస్త తెల్లబడింది. ఎవరి మెడలోనో గొలుసుకు వేలాడిన నాణెమది. కొక్కెం తీసేసి, పైన రుద్ది మెరిపించారు. తర్వాత గ్రేడింగుకు పంపితే డీటెయిల్స్ అనే వచ్చింది. కొన్న ధరలో సగానికి అమ్మాను. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు, వాపసు తీసుకుంటాడన్న రాతా నా దగ్గర లేదు.

19వ శతాబ్దంలో ఇక్కడివాళ్ళు కూడా బంగారు నాణేలను లాకెట్లుగా, గుండీలుగా వేసుకున్నారు. కాబట్టి అంచు తప్పకుండా చూడండి. డబ్బాలో ఉంటే అంచు పూర్తిగా కనిపించదు, అది నిజమే. కొత్త డబ్బాల్లో నాణేన్ని మూడు నాలుగు చోట్ల పట్టుకునే ముక్కల మధ్య నుంచి అంచు కనిపిస్తుంది.

8. నకిలీలు

సాధారణ సంవత్సరాల కన్నా అరుదైన వాటికే నకిలీల బెడద ఎక్కువ. రెండు రకాలు. మొదటిది నాణేన్ని పూర్తిగా కొత్తగా చేసేది. రెండోది అసలు ఫిలడెల్ఫియా నాణెం తీసుకుని దాని మీద చిన్న ‘డి’ అతికించేది. ఫిలడెల్ఫియా నాణేలకు గుర్తు ఉండదు కాబట్టి ఆ ఖాళీ జాగా వాళ్ళకు అక్కరకొస్తుంది. భూతద్దంలో ‘డి’ మొదలు చూడండి. అసలుదైతే అక్షరం నేలలోంచి మొలిచినట్టు కలిసిపోయి ఉంటుంది. అతికిందైతే చుట్టూ సన్నటి గీతో, రంగు తేడానో ఉంటుంది.

కొన్ని నాణేలకు పుట్టుమచ్చల్లాంటి గుర్తులున్నాయి. 1860-డి, 1861-డి ఒక డాలరు నాణేల మీద దేశం పేరులో మొదటి అక్షరం ‘యు’ చాలా మసగ్గా, కొన్నిటి మీద కనీ కనిపించకుండా ఉంటుంది. 1861-డి అని చూపించిన దాని మీద ఆ అక్షరం పదునుగా కనిపిస్తే అక్కడే ఆగండి. ఇక్కడ లోపమే అసలుదనానికి సాక్ష్యం.

కొలతలు కూడా రాసిపెట్టుకోండి. అయిదు డాలర్ల నాణెం 8.359 గ్రాములు, అంటే మన కాసు కన్నా ఓ చిటికెడు ఎక్కువ. వ్యాసం 21.6 మిల్లీమీటర్లు, 1838, 39 నాణేలు కొంచెం పెద్దవి, 22.5. బంగారం 90 శాతం, మన లెక్కలో 21.6 క్యారెట్లు. వ్యాసం, క్యారెట్లు రెండూ 21.6 కాబట్టి మర్చిపోలేం. రెండున్నర డాలర్లది 4.18 గ్రాములు, ఒక డాలరుది 1.672. తూకం సరిపోయినంత మాత్రాన మంచి నాణెమని కాదు, నా 1853 నాణేనికీ తూకం సరిపోయింది. సరిపోకపోతే మాత్రం ఇంకేం చూడక్కర్లేదు.

9. ధర, బేరం

కనీస ధర ముందు లెక్కేసుకోండి. అయిదు డాలర్ల నాణెంలో అసలు బంగారం 7.52 గ్రాములు. ఆ రోజు గ్రాము రేటుతో గుణిస్తే కరిగించినా వచ్చే డబ్బు. దానికి పైన కట్టేది ఎంతో, ఎందుకో మీకు తెలిసి ఉండాలి.

ఆ పై ధర కోసం ధరల పుస్తకాలను నమ్ముకోకండి. హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు ఆన్‌లైన్లో ఉచితంగా చూడొచ్చు. మీకు కావలసిన సంవత్సరం, గ్రేడ్ పెట్టి గత రెండేళ్ళలో అమ్ముడైనవి అయిదారు తీయండి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువకూ, తక్కువకూ పోయినవాటి ఫొటోలు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వెతకండి. బంగారం రేటు బాగా పెరిగిన రోజుల్లో నాలుగేళ్ళ కిందటి ధర ఎందుకూ పనికిరాదు.

వేలంలో పాడితే ఒకటి మర్చిపోకండి. పాట ధర మీద కొనుగోలుదారు కమిషన్ కడతాం, 20 శాతం అటూ ఇటూగా. 2,500 డాలర్లకు పాట ఆగితే బిల్లు 3,000. మీ గరిష్ఠం 3,000 అనుకుంటే పాట 2,500 దగ్గర చేతులు కట్టుకోవాలి. రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు ఇంకో వంద ఎక్కువేస్తే పోయేదేముందిలే అనిపిస్తుంది. అందుకే అంకెను ముందే కాగితం మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకుంటాను.

డీలర్ల దగ్గర కొంటే దక్షిణాది టంకశాలల బంగారం మీదే పని చేసేవాళ్ళను ఎంచుకోండి. ధర ఎక్కువ చెప్తారు, కానీ నాణేన్ని ముందే జల్లెడ పట్టి ఉంటారు. వాపసు గడువు ఎన్ని రోజులో రాతలో తీసుకోండి. ప్రదర్శనల్లో అయితే జనవరిలో ఫ్లారిడాలో జరిగే ఫన్ (ఫ్లారిడా యునైటెడ్ న్యూమిస్మాటిస్ట్స్) షో, ఆగస్టులో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ నడిపేది పెద్దవి. మా జార్జియాలో డాల్టన్ ఊళ్ళో కూడా జరుగుతాయి. అక్కడ నాణేన్ని ట్రే మీదుగానే పట్టుకుని చూడాలి, అడగకుండా ఫొటో తీయకూడదు. బేరమాడొచ్చు, కానీ కోఠి లెక్కలో సగానికి అడిగితే మొహం తిప్పేసుకుంటారు. మీ ఆఖరి ధర ఎంత అని ఒక్కసారి మర్యాదగా అడిగితే చాలు. నచ్చకపోతే థాంక్స్ చెప్పి లేవండి. ఇంకో మాట, జార్జియాలో నాణేల మీద సేల్స్ టాక్స్ లేదు. మీ రాష్ట్రం సంగతి చూసుకోండి, కొన్ని చోట్ల ఆ పన్నే బేరంలో తగ్గించుకున్నదంతా మింగేస్తుంది.

10. ఇంట్లో

కడగకండి. అమ్మ ఆ పాత నాణేన్ని కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో రుద్దుతానంది. గాజులకు అది పనికొస్తుంది, నాణేనికి కాదు. నూట డెబ్భై ఏళ్ళుగా పట్టిన ఆ మట్టి రంగు పోతే దాంతోపాటు ధరా పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ పర్సుల్లో పెట్టకండి, వాటిలోని రసాయనం జిగురులా పడుతుంది. గ్రేడింగ్ డబ్బాలోనే ఉంచి, తేమ లాగే సిలికా జెల్ పొట్లం పక్కన పడేసి, బ్యాంకు లాకర్లో పెట్టండి. లాకర్లో వస్తువులకు బ్యాంకు డిపాజిట్ల బీమా వర్తించదు. ఇంటి బీమాలో కూడా నాణేలకు చాలా తక్కువ పరిమితి ఉంటుంది. విలువ పెరిగాక వేరే పాలసీ తీసుకోవాల్సిందే.

అమ్మితే వచ్చిన లాభం మీద అమెరికాలో పన్ను ఉంది. షేర్లలా కాదు, ఏడాది దాటాక అమ్మినా సేకరణ వస్తువుల మీద 28 శాతం దాకా పడొచ్చు. కొన్న రసీదు లేకపోతే కొన్న ధరను నిరూపించలేం, కాబట్టి ప్రతి రసీదూ స్కాన్ చేయండి. ఇండియాకు తీసుకెళ్ళాలనుకుంటే, ప్రయాణికుల నగలకు కస్టమ్స్ ఇచ్చే మినహాయింపు నాణేలకు రాదు. రెడ్ ఛానల్లో ప్రకటించి సుంకం కట్టాలి. నేనైతే తీసుకెళ్ళను. అక్కడ వీటిని తూకానికి తప్ప ఇంకో లెక్కలో కొనేవాళ్ళు దొరకడం కష్టం.

ఆఖరి పని, ఇంట్లోవాళ్ళ కోసం ఒక కాగితం. ఒక్కో నాణెం పేరు, డబ్బా నంబరు, కొన్న తేదీ, కొన్న ధర, నాకేమైనా అయితే ఏ డీలరును లేదా ఏ వేలం సంస్థను అడగాలో రాసి లాకర్ తాళంతోపాటు ఉంచాను. మా ఆవిడ చదివి, అన్నీ బానే ఉన్నాయి గానీ పాత బంగారం కొనే కొట్టుకు వెళ్తే ఏమవుతుందని అడిగింది. అందుకని కాగితం పైన ఎర్ర పెన్నుతో రెండు వరసలు కలిపాను. తూకానికి అమ్మకండి. ‘డి’ అంటే డెన్వర్ అని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.